తారీఖ్ లేని తస్వీర్

2024 మే నెలాఖరు. ఇషా నమాజ్ చదువుకొని షేక్‌పేటలోని మా ఇంటికొచ్చేసరికి దస్తర్‌ఖాన్ పరిచి ఉంది గానీ, మా అబ్బా, మా పెద్ద బిడ్డ చెరో దిక్కుకు ముఖం తిప్పుకొని కూర్చున్నారు. ఏమైందని అడిగితే మా బేగం కళ్ళతోనే ఫోన్ వైపు చూపించింది.

ఫోన్‌లో ఆ వారం ప్రపంచమంతా చూసిన తస్వీర్. లెక్కలేనన్ని గుడారాలు. మధ్యలో తెల్లటి గుడారాలే అక్షరాలై 'అందరి కళ్ళూ రఫా మీదే' అని ఇంగ్లీషులో చెబుతున్నాయి. మే 26 రాత్రి రఫాలో, ఇళ్ళు పోగొట్టుకొని గుడారాల్లో తలదాచుకున్నవాళ్ళ మీద ఇజ్రాయెల్ బాంబులు పడ్డాయి. కనీసం 45 మంది చనిపోయారని గాజా అధికారులు చెప్పారు. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్‌లో 4 కోట్ల మందికి పైగా ఈ బొమ్మను తమ స్టోరీలో పెట్టుకున్నారు. సమంత సహా ఎందరో సినిమావాళ్ళు పెట్టారు. కొందరు తారలు పెట్టి, తిట్లు పడగానే తీసేశారు. మా ఇంటి మిద్దె మీంచి చూస్తే ఫిల్మ్‌నగర్ గుట్ట దీపాలు కనిపిస్తాయి. ఆ దీపాల కింద తీసే సినిమాల్లోని మనుషులు, తన గుండెల్లోని గాజా మొదటిసారి ఒకే తెర మీదికి వచ్చాయని మా బిడ్డ సంబరం.

మా అబ్బా ముప్పై ఏళ్ళకు పైగా సినిమా సెట్లకు కార్పెంటర్ పని చేశారు. ప్లైవుడ్‌తో కోటలు, థర్మకోల్‌తో మినార్లు, చివరికి తగలబెట్టడానికని ఊళ్ళకు ఊళ్ళు కట్టిన చేతులు ఆయనవి. ఫోన్‌ను కళ్ళకు దూరంగా పట్టుకొని చూసి, "యే తో సెట్ హై బేటా" అన్నారట. "ఇన్ని గుడారాలున్నాయి, ఒక్క మనిషి లేడు. ఒక్క తాడు వదులుగా లేదు. రఫా సముందర్ పక్కన ఊరు గదా, వెనక ఇంతెత్తు పహాడ్లు ఎక్కడివి? ఎవరో కూర్చొని తయారుచేసిండ్రు."

ఆయన పట్టుకున్నది సరైనదే. అది మలేషియాకు చెందిన ఒక ఖాతా నుంచి వచ్చిన ఏఐ బొమ్మ. ఆ సంగతి మా బిడ్డకు ముందే తెలుసు. ఆమె కోపం వేరే. "అవును దాదా, సెట్టే. అసలు తస్వీర్లు పెడితే తీసేస్తున్నారు. లేదంటే నల్ల పరదా వేస్తున్నారు. ఈ ఖాళీ గుడారాలనైతే ఉండనిస్తున్నారు. మరి నేనేం పెట్టాలి? చుప్‌గా కూర్చోవాలా?"

ఇద్దరి మాటా సచ్చే. ఇద్దరి మధ్య కూర్చున్న నాకు ఆ రాత్రి జవాబు దొరకలేదు. వృత్తికి జర్నలిస్టును, చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగులో. ఖబర్ అన్నది నా రోజీ రోటీ. అయినా దొరకలేదు.

ఫోన్లు మార్చుకున్న రోజు

మూడు వారాల తర్వాత బక్రీద్ వచ్చింది. అబ్బా కట్టిన సెట్లకు రంగులేసిన పెయింటర్ చాచా కృష్ణానగర్ నుంచి మనవణ్ణి వెంటబెట్టుకొని దావత్‌కు వచ్చారు. ఆయన హిందువు. మేమంతా చిన్నప్పటి నుంచీ చాచా అనే పిలుస్తాం. ఆ మనవడు మా బిడ్డ ఈడువాడే, ఇద్దరూ ఇంటర్. పెద్దవాళ్ళు పాత షూటింగుల ముచ్చట్లలో ఉండగా పిల్లలిద్దరి మధ్య గాజా మాట వచ్చి గొంతులు లేచాయి. ఎవరు అన్నారో గుర్తులేదు గానీ, "ఒక పావుగంట ఫోన్లు మార్చుకోండి" అన్నారు. మార్చుకున్నారు.

అబ్బాయి ఫోన్‌లో 2023 అక్టోబర్ 7 ఉంది. హమాస్ దాడిలో ఆ రోజు దాదాపు 1,200 మంది ఇజ్రాయెల్‌లో చనిపోయారు, సుమారు 250 మందిని బందీలుగా ఎత్తుకుపోయారు. సంగీతోత్సవం నుంచి పరుగెత్తే పిల్లలు, బందీల తల్లుల ఏడుపు, ఆ వెనకే ఇజ్రాయెల్ ఆయుధాల గొప్పలు. మా బిడ్డ ఫోన్‌లో అక్టోబర్ 7 లేదు. అక్టోబర్ 8 తర్వాతి గాజా ఉంది. శిథిలాల కింది పిల్లలు, రొట్టె కోసం వరసలు, ఒకే రోజు భార్యను, కొడుకును, కూతుర్ని, మనవణ్ణి పోగొట్టుకొని మళ్ళీ కెమెరా ముందు నిలబడ్డ అల్ జజీరా విలేకరి వాయిల్ అల్ దహ్‌దూహ్.

ఫోన్లు వెనక్కి ఇచ్చుకుంటూ ఇద్దరూ ఒకే మాట అన్నారు: "ఇవి నాకెప్పుడూ రాలేదు."

వాళ్ళు అబద్ధం చెప్పలేదు. రీల్స్ నడిచే తీరే అది. ఏ వీడియో దగ్గర వేలు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎవరికి పంపాం అన్నది చూసుకొని అలాంటిదే ఇంకోటి ముందు పెడుతుంది. అబ్బాయి వేలు ఒక చోట ఆగింది, అమ్మాయి వేలు ఇంకో చోట. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు అటూ ఇటూ ఉన్న రెండు బస్తీలు, ఒకే కంపెనీ యాప్, రెండు వేర్వేరు యుద్ధాలు.

అబ్బాయి ఫోన్‌లో నన్ను ఆపింది మాత్రం ఒక చిన్న రీల్. గుర్రాల మీద భారత సిపాయిలు, వెనక జోష్ సంగీతం. 1918లో మన సిపాయిలు హైఫాను గెలిచారు, అందుకే ఇజ్రాయెల్‌తో మన దోస్తీ వందేళ్ళది అన్నట్టు సాగింది. "అంకుల్, ఇది నిజమేనా?" అని అడిగాడు. సగం నిజం. ఆ మిగిలిన సగం మన షహర్‌కు సంబంధించింది.

హైఫాకు పోయిన గుర్రాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ తరఫున పోరాడటానికి సంస్థానాలు ఫౌజులు పంపాయి. జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ లాన్సర్లను కలిపి 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడ్‌లో పెట్టారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా మీద దౌడు తీసింది జోధ్‌పూర్, మైసూర్ గుర్రాలు. హైదరాబాద్ దళం అదే బ్రిగేడ్‌లో, అదే ఫలస్తీన్ నేల మీద ఉంది. ఢిల్లీలో 1922లో నిలబెట్టిన తీన్ మూర్తి విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సిపాయిది. 2018 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడు ఆ చౌక్ పేరు తీన్ మూర్తి హైఫా చౌక్ అయింది.

రీల్ వదిలేసింది ఏమిటంటే, 1918లో ఇజ్రాయెల్ అనే దేశమే లేదు. హైఫా తుర్కీ ఉస్మానీ సల్తనత్‌ది. ఆ సుల్తానే ఖలీఫా. ఆయన జిహాద్ ప్రకటిస్తే, మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1914లో ఇంగ్లీషువాళ్ళకే వఫాదారీగా ఉండమని ముసల్మానులకు చెప్పారు. అంటే ఈ షహర్ నుంచి పోయిన సిపాయిలు ఖలీఫా ఫౌజుకు ఎదురుగా నిలబడ్డారు. ఆ సేవలకు మెచ్చి ఇంగ్లీషువాళ్ళు నిజాంకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' ఖితాబు ఇచ్చారు. హైఫా పడటానికి పది నెలల ముందే, 1917 నవంబర్ 2న, యూదుల జాతీయ నివాసం గురించిన బాల్ఫర్ ఉత్తరం వెలువడింది. ఆ ఉత్తరం రాసిన సర్కారు కోసమే మన గుర్రాలు నడిచాయి.

ఈ కిస్సా అబ్బాయి రీల్‌కు పూర్తిగా పనికిరాదు. మా బిడ్డ రీల్‌కు అసలే పనికిరాదు. ఎవరి పక్షానికీ సరిపోని సంగతి ఎవరి ఫోన్‌లోకీ రాదని నాకు ఆ రోజే అర్థమైంది.

తర్వాత మన వాళ్ళకు దుఃఖం రాకపోలేదు. 1919 నుంచి ఖిలాఫత్ తహ్‌రీక్ దేశమంతా కదిలించింది. హైదరాబాద్‌లోనూ జల్సాలు జరిగాయి, 1920లో నిజాం ఫర్మానాతో ఆగాయి. 1924 మార్చి 3న తుర్కీ ఖిలాఫత్‌నే రద్దు చేసి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను దేశం వదిలి పొమ్మంది. అప్పుడు ఆయనకు నెలకు 300 పౌండ్లు పంపింది మళ్ళీ ఇదే నిజాం. మస్జిదె అఖ్సా మరమ్మతుకు చందా అడుగుతూ ఫలస్తీన్ నుంచి వచ్చినవాళ్ళకు ఇచ్చినవాళ్ళలో కూడా ఆయన ఉన్నారు. 1931 నవంబర్‌లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఖలీఫా కూతురు దుర్రుషెహ్‌వార్‌కు నిజాం పెద్ద కొడుకుతో, ఆ ఖాందాన్‌కే చెందిన నీలోఫర్‌కు చిన్న కొడుకుతో నికాహ్ అయింది. మన పిల్లలకు సుస్తీ చేస్తే నీలోఫర్ దవాఖానాకు తీసుకుపోతాం. ఆ పేరు వెనక కూలిపోయిన ఒక సల్తనత్ ఉందని ఎందరు పిల్లలకు చెప్పాం?

దూరపు జంగ్ అంటాం. మనకు అది ఎప్పుడూ అంత దూరంగా లేదు.

రెండు చోట్ల ఒకే 1948

ఇప్పుడు మా దాదాజాన్ మాట చెప్పాలి, అంటే మా అబ్బా వాళ్ళ అబ్బా. జహీరాబాద్ దగ్గరి పల్లె. ఆ ఇలాఖా అప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది. 1948లో ఆయనకు ఇరవై ఏళ్ళు. ఆ ఏడాది చివర్లో షహర్‌కు వచ్చారు. పల్లెకు మళ్ళీ పోలేదు. ఎందుకు పోలేదని నేను చిన్నప్పుడు అడిగితే "పానీ నై థా బేటా, నీళ్ళు లేకుండె" అనేవారు. అంతే.

ఆయన ఫలస్తీన్ గురించి మాత్రం గంటలు గంటలు మాట్లాడేవారు. 1948 మే 14న ఇజ్రాయెల్ ప్రకటించుకోవడం, ఏడు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలి పోవడం, తలుపులకు తాళం వేసి చెవులు మెడలో వేసుకొని పోయిన ఆడవాళ్ళు, మళ్ళీ వస్తామనుకొని పొయ్యి మీద వదిలేసిన గిన్నెలు. చెబుతూ చెబుతూ ఆగిపోయేవారు.

జర్నలిస్టునయ్యాక ఒక రోజు పాత తారీఖులు పక్కపక్కన పెట్టి చూశాను. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది. 16న హైదరాబాద్ మసలా పారిస్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుకు వచ్చింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు రేడియోలో ప్రకటించారు. అదే 17న బైతుల్ ముఖద్దస్‌లో, ఐక్యరాజ్యసమితి తరఫున సులహ్ కుదర్చడానికి పోయిన కౌంట్ బెర్నడాట్‌ను యూదు తీవ్రవాదులు కాల్చి చంపారు. రెండు చోట్లా ఒకే రోజు.

దానికి ముందు రజాకార్లు పల్లెల్లో హిందువుల మీద చేసిన జుల్మ్ నిజం. ఆ తర్వాత ముసల్మానుల మీద పడ్డ కసీ నిజం. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ, చాలా తక్కువ చేసి చెప్పినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఎక్కువ నష్టం జరిగిందని చెప్పిన జిల్లాల్లో బీదర్ ఒకటి. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013లో గానీ చదివేవాళ్ళకు అందుబాటులోకి రాలేదు.

అది చదివాక దాదాజాన్ మాటలు వేరే రకంగా వినిపించాయి. ఆయన ఏ పొయ్యి మీది గిన్నె గురించి చెప్పారు? ఎవరి తాళం చెవి గురించి? నేను అడగకముందే ఆయన గుజర్ గయే. ఇది నా అందాజే తప్ప సబూత్ లేదు. కానీ ఇంటి దుఃఖాన్ని చెప్పడానికి ఇజాజత్ లేని రోజుల్లో, దూరపు దుఃఖం పేరు మీద ఏడవడం మన ఇళ్ళల్లో చాలామంది బుజుర్గులు చేసి ఉంటారని నా నమ్మకం.

చబూత్రా, రేడియో, టీవీ

దాదాజాన్‌కు ఖబర్ వచ్చే దారి అఖ్బార్. 1949లో మొదలైన సియాసత్ ఒక్క కాపీ వస్తే చబూత్రా మీద ఒకరు చదవడం, పది మంది వినడం. చదివిన మాట మీద బహస్ జరిగేది. ఒకాయన కాదంటే ఇంకొకాయన ఔననేవాడు. అర్థం కాని ఊరి పేరు వస్తే మదర్సా మౌల్వీసాబ్‌ను అడిగేవారు. తస్వీర్లు తక్కువ, ఉన్నవీ మసిబొగ్గులా నల్లగా ఉండేవి. అందుకే పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు నోటికి వచ్చేవి.

ఆ రోజులే మంచివని నేను అనను. 1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధం జరిగినప్పుడు ఖాహిరా రేడియో మొదటి రోజుల్లో ఫతహ్ ఖబర్లే చెప్పింది. ఇజ్రాయెల్ విమానాలు కుప్పకూలుతున్నాయంది. నిజానికి మొదటి రోజు పొద్దుటే మిసర్ విమానాలు నేల మీదే కాలిపోయాయి. ఆ రేడియో మాట అఖ్బార్లలోకి, అఖ్బార్ల నుంచి చబూత్రాల మీదికి వచ్చింది. దాదాజాన్ ఆ కిస్సా చెప్పి నవ్వేవారు: "మూడు రోజులు మిఠాయి పంచుకున్నం, నాలుగో రోజు మొఖం చూపించుకోలేకపోయినం." ఝూటీ ఖబర్ ఇన్‌స్టాగ్రామ్‌తో పుట్టలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. ఆయన కాలంలో ఫలస్తీన్ మాట ముసల్మానుల మాటగా మాత్రమే లేదు. భారత సర్కారు 1974లో పీఎల్‌ఓను గుర్తించింది. 1981లో ఫలస్తీన్ ప్రజలకు మద్దతుగా తపాలా బిళ్ళ వేసింది. 1988 నవంబర్‌లో ఫలస్తీన్‌ను దేశంగా గుర్తించింది. పెయింటర్ చాచా, మా అబ్బా ఆ బిళ్ళ అంటించిన ఉత్తరాలు ఒకేలా చూశారు. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. ఆ తర్వాత దేశం చూపు మెల్లగా మారుతూ వచ్చింది. దాదాజాన్‌కు గాజా గురించి మాట్లాడటం దేశంతో కలిసి మాట్లాడటం. మా బిడ్డకు అదే మాట అంటే 'నువ్వు ఏ దేశం దానివి' అని కామెంట్లు వస్తాయి. ఆమె గొంతులోని తెహెజీబ్ తగ్గిందని పెద్దలు బాధపడతారు. ఆమె మాట్లాడే చోటు ఎంత ఇరుకైందో చూడరు.

అబ్బా తరానికి దారి టీవీ. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అది మాకు వార్త కాదు, చిన్న చాచా జాడ తెలియని రెండు నెలలు. అమ్మాన్ నుంచి విమానాల్లో దాదాపు 1,70,000 మంది భారతీయుల్ని వెనక్కి తెచ్చారు. వాళ్ళలో మా చాచా ఒకరు. 1991 జనవరిలో బగ్దాద్ మీద బాంబుల్ని సీఎన్‌ఎన్ లైవ్‌లో చూపించింది. ఆకుపచ్చ రాత్రిలో మెరుపులు. మనుషులు కనిపించలేదు. అబ్బా అప్పుడు కూడా అన్నారు, "షూటింగ్ లాగుంది గదరా" అని. 2000 సెప్టెంబర్ 30న గాజాలో నాన్న వెనక నక్కిన ముహమ్మద్ అల్ దుర్రా అనే పిల్లవాడి దృశ్యం వచ్చింది. ఆ తూటా ఎవరిదన్న దాని మీద ఇజ్రాయెల్ తర్వాత వాదన లేవదీసింది. మా అమ్మీకి వాదనతో పని లేదు. ఆ రోజు టీవీ ఆపేసి మమ్మల్ని దగ్గరకు లాక్కుంది. మా ఇంట్లో ఫలస్తీన్‌కు ఒక ముఖం వచ్చింది ఆ రోజు. అప్పటిదాకా అది పేరు మాత్రమే.

ఫోన్ ఇచ్చింది, ఫోన్ తీసుకున్నది

మా బిడ్డ తరానికి ముఖాలు వందల్లో ఉన్నాయి. ఇది చిన్న సంగతి కాదు. దాదాజాన్ జీవితమంతా ఫలస్తీన్ గురించి మాట్లాడారు గానీ, ఒక్క ఫలస్తీనీ గొంతు నేరుగా వినలేదు. మా బిడ్డ బీసాన్ ఔదా గొంతు రోజూ వింది. తన పేరు చెప్పి, గాజా నుంచి అని చెప్పి, ఇంకా బతికే ఉన్నానని మొదలుపెట్టే ఆ అమ్మాయి వీడియోలకు 2024లో ఎమ్మీ అవార్డు వచ్చింది. బయటి దేశాల విలేకరుల్ని ఇజ్రాయెల్ సొంతంగా గాజాలోకి పోనివ్వలేదు. లోపలున్న జర్నలిస్టులు ఇంతకుముందు ఏ యుద్ధంలోనూ లేనంతగా చనిపోయారు. గాజా ఆరోగ్య శాఖ లెక్కలో మొత్తం మృతులు 2025 జూలై నాటికి 60 వేలు దాటారు. ఆ లెక్క వెనక ముఖాల్ని చూపింది ఈ ఫోన్లే. ఈ మాట ఒప్పుకోకుండా పిల్లల్ని రీల్స్ పిచ్చివాళ్ళనడం నాఇన్సాఫీ.

కానీ ఫోన్ కొన్ని తీసుకుంది కూడా. ఏది ఉండాలి, ఏది పోవాలి అని కంపెనీ నిర్ణయిస్తుంది. 2023 అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో తొలగించిన, అణచిన 1,050 సంఘటనల్ని హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలిస్తే, 1,049 ఫలస్తీన్ పట్ల శాంతియుతంగా మద్దతు చెప్పినవే. అందుకే పిల్లలు ఫలస్తీన్ అని రాయకుండా తర్బూజ్ బొమ్మ పెడతారు. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు, జెండా రంగులన్నీ దాంట్లో ఉన్నాయి. మన దగ్గర 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆగిపోయింది కాబట్టి, గాజా పిల్లలు దాంట్లో పెట్టినవి మనకు ఇంకెవరో కోసి, సంగీతం కలిపి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాక వస్తాయి. వచ్చేసరికి ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అన్నది రాలిపోతుంది.

రఫా గుడారాల బొమ్మ అన్నిటికన్నా ఎక్కువగా తిరగడానికి కారణం ఇదే. దాంట్లో నెత్తురు లేదు, మనిషి లేడు, చోటు లేదు, రోజు లేదు. ఏ పరదా అడ్డు రాదు. మా బిడ్డ దాన్ని ఎంచుకోలేదు. మిగిలినవన్నీ తీసేశాక మిగిలింది అదే. అబ్బా దాన్ని సెట్ అన్నారు, నిజమే. కానీ ఆ సెట్ వెనక ఒక అసలు ఊరు కాలింది. సెట్ అని కనిపెట్టి అక్కడే ఆగిపోతే, కాలిన ఊరు కూడా అబద్ధమే అనుకునేవాళ్ళకు మనం దారి ఇచ్చినట్టు.

నా ఖసూర్ కూడా చెప్పుకోవాలి. 2023 అక్టోబర్‌లో మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాను. దుమ్ములోంచి ఒక పసిపాపను బయటికి తీసే దృశ్యం. గాజా అని రాశాను. పావుగంటలో మా బిడ్డ నా గదిలోకి వచ్చింది. "అబ్బూ, ఇది షామ్‌ది. చాలా ఏళ్ళ కింది వీడియో. ఇదిగో" అని వెతికి చూపించింది. ఇరవై ఏళ్ళ జర్నలిస్టును, ఒక్కసారి ఆగి చూడలేదు. మాఫీ అడుగుతూ గ్రూపులో రాశాను. అప్పటికే మామూజాన్ దాన్ని ఇంకో నాలుగు గ్రూపులకు పంపేశారు. పిల్లలు ఝూట్‌కు పడిపోతారని భయపడతాం. మా ఇంట్లో పడిపోయింది నేను, పట్టుకున్నది బిడ్డ.

రావి ఎవరు?

మన దీనీ ఇల్మ్‌లో ఒక హదీస్ చెబితే ముందు సనద్ అడుగుతారు. ఎవరు చెప్పారు, వాళ్ళకు ఎవరు చెప్పారు, ఆ రావి ఎక్కడివాడు, ఏ కాలంవాడు, సచ్చా మనిషేనా, తను చెప్పిన మనిషిని నిజంగా కలిశాడా? ఒక్క కడి తెగితే మాట బలహీనమవుతుంది. రావుల జీవితాల మీద మన ఆలిములు కితాబుల మీద కితాబులు రాశారు. సూరా హుజురాత్‌లో ఖబర్ విషయంలో తహఖీఖ్ చేసుకోమన్న హుకుం ఉంది, తెలియక ఎవరికో నుఖ్సాన్ చేసి తర్వాత పశ్చాత్తాపపడకూడదని. ఇది మనం జుమా ఖుత్బాలో వింటాం. మస్జిద్ మెట్లు దిగుతూనే ఫార్వర్డ్ నొక్కుతాం.

ఈ కొలతతో చూస్తే చిక్కుముడి కొంత విడిపోయింది. బీసాన్ వీడియోకు రావి ఉంది: పేరు, ఊరు, రోజు. వాయిల్ అల్ దహ్‌దూహ్‌కు ఉంది. రఫా బొమ్మకు లేదు. నేను పంపిన షామ్ వీడియోకు లేదు. అబ్బాయి చూసిన హైఫా రీల్‌కు సగమే ఉంది. ఖాహిరా రేడియో ఫతహ్‌కు రావి ఉన్నాడు గానీ సచ్చావాడు కాడు. అంటే పాత దారి మంచిది, కొత్త దారి చెడ్డది అన్నది కాదు సవాల్. ఏ దారిలో వచ్చినా రావి ఎవరు, తారీఖ్ ఎప్పటిది?

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. తారీఖ్ అంటే చరిత్ర కూడా. రెండిటికీ ఒకటే లఫ్జ్. చిన్నప్పుడు బడిలో బోర్డు మీద తారీఖ్ రాసి తారీఖ్ పాఠం మొదలుపెడితే నవ్వొచ్చేది. ఇప్పుడు అర్థమవుతోంది. రోజు తెలియని తస్వీర్‌కు చరిత్ర ఉండదు. చరిత్ర లేకపోతే ఆ దుఃఖం ఇరవై నాలుగు గంటల స్టోరీలా వచ్చి పోతుంది, రేపు ఇంకోటి వస్తుంది. కోపం మిగులుతుంది, ఎవరి మీదో తెలియని కోపం.

దాదాజాన్ సందూఖ్ అబ్బా మంచం కింద ఉంటుంది. ఆ బక్రీద్ తర్వాతి ఇతవార్ దాన్ని తీశాం. పసుపెక్కిన అఖ్బార్ ముక్కలు. 1969 ఆగస్టు 21న ఒక ఆస్ట్రేలియావాడు మస్జిదె అఖ్సాకు నిప్పు పెట్టిన ఖబర్ వాటిలో ఉంది. ప్రతి ముక్క అంచు మీదా పెన్సిల్‌తో తారీఖ్, కింద 'ఫలానా దగ్గర చదివాను' అని చిన్న మాట. మా బిడ్డ ఆ రాతల్ని చాలాసేపు చూసింది. "ముత్తాత సేవ్ చేసుకున్నాడు" అంది. అబ్బా నవ్వారు.

సందూఖ్‌లో 1948 నాటి ముక్క ఒక్కటీ లేదు. మా బిడ్డే అడిగింది: "దాదా, ముత్తాత షహర్‌కు ఎందుకు వచ్చిండు?" నేను ఎన్నడూ గట్టిగా అడగని సవాల్. అబ్బా కాసేపు ఊరుకున్నారు. తర్వాత ఆ పల్లె పేరు చెప్పారు. రాత్రి జొన్నచేలో దాచిన రెడ్డిగారి ఇల్లు గురించి చెప్పారు. తిరిగి రాని దాదాజాన్ తమ్ముడి పేరు చెప్పారు. ఆ పేరు నేను నలభై ఏళ్ళు దాటాక మొదటిసారి విన్నాను. మా బిడ్డ ఫోన్ పక్కన పెట్టి, నోట్‌బుక్‌లో పైన ఆ రోజు తారీఖ్ వేసి రాసుకుంది. చెప్పింది ఎవరు అన్న చోట దాదా పేరు రాసింది.

మీ ఇంట్లోనూ ఒక సందూఖ్ ఉండి ఉంటుంది, లేకపోతే మాట్లాడని ఒక బుజుర్గ్ ఉండి ఉంటారు. ఈ ఇతవార్ పిల్లల్ని వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. అలాగే పెద్దలు పిల్లల ఫోన్ అడిగి, కోపం లేకుండా ఒక పావుగంట చూడండి. గాజా కోసం దువా చేసేటప్పుడు మన పల్లెల కోసం, మనకు తెలియని ఆ పేర్ల కోసం కూడా చేద్దాం. ఏదైనా ముందుకు పంపేముందు ఒక్క మాట అడుగుదాం: రావి ఎవరు, తారీఖ్ ఎప్పటిది?

ఖుదా హాఫిజ్.